నాన్న పుస్తకం అమెరికాలో మొత్తం ఉంది, మా ఇంట్లో నాలుగు పేజీలు లేవు

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూల్లో పనిచేస్తూ కథలు రాసేవారు. 1974లో అమ్మ గాజులు తాకట్టు పెట్టి విజయవాడలో 500 ప్రతులు వేయించారు. 1996లో ఆయన పోయారు, తర్వాత అమ్మ కూడా పోయింది. ఇప్పుడు నేనూ, మా తమ్ముడూ ఉన్నాం. ఇంట్లో ఒకే ఒక్క ప్రతి మిగిలింది. దానికీ చెదలు పట్టి చివరి కథలో నాలుగు పేజీలు పోయాయి. ఆ కథ చిన్నప్పుడు చదివాను గానీ ముగింపు గుర్తులేదు. మొన్న మా మనవరాలు ఫోన్లో నాన్న పేరు కొట్టి చూస్తే గూగుల్ బుక్స్‌లో ఆ పుస్తకం కనిపించింది. అమెరికాలో ఏదో యూనివర్సిటీ లైబ్రరీ పేరు ఉంది, వెతికితే మూడు లైన్లు తప్ప ఏమీ చూపించడం లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇది దొంగతనం కాదా? తమ్ముడు కేసు వేద్దామంటున్నాడు. ఉన్న ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేశాడు, ఎవరినీ ఫొటో కూడా తీయనివ్వనంటున్నాడు. ఇంతలో మనవరాలు ఫేస్‌బుక్‌లో పెట్టింది చూసి ఒక యాప్ వాళ్ళు ఫోన్ చేశారు. ఈ-బుక్, ఆడియో చేస్తాం, 5,000 ఇస్తాం అని ఇంగ్లీషులో ఆరు పేజీల అగ్రిమెంటు పంపారు. ఏఐ కంపెనీలు పుస్తకాలన్నీ తీసేసుకుంటున్నాయని పేపర్లో చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. ఈ పెద్ద కంపెనీల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. ఏం చేయమంటారు? పేరు వేయకండి.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో ఆ నాలుగు పేజీల దగ్గర ఆగిపోయాను. నాన్నగారి కథ ఎలా ముగిసిందో చూసుకునే వీలు కూతురికి లేదు, ఆ పేజీల బొమ్మలు మాత్రం సముద్రాల అవతల ఒక కంపెనీ కంప్యూటర్లలో భద్రంగా ఉన్నాయి. ఇది తలుచుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అందుకని మీ అనుమానం తప్పని నేను చెప్పను, దాన్ని అలాగే ఉంచుకోండి. కానీ మీ తమ్ముడు వేసిన తాళం మాత్రం ఇవాళే తీయించండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పుస్తకం అమెరికా ఎలా వెళ్ళిందో చూద్దాం, ఎందుకంటే అక్కడ మీరు అనుకుంటున్నంత అన్యాయం జరగలేదు. మన చిన్నప్పుడు అమెరికా నుంచి వచ్చిన పిఎల్-480 గోధుమలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ గోధుమలకు మన ప్రభుత్వం డాలర్లలో కాకుండా రూపాయల్లో చెల్లించేది. అలా ఇక్కడ పోగుపడ్డ అమెరికా వాళ్ళ రూపాయల్లో కొంత పుస్తకాలు కొనడానికి కేటాయించారు. 1962లో వాళ్ళ జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో ఆఫీసు తెరిచి, మన భాషలన్నిట్లో వచ్చే పుస్తకాలు ఒక్కోటి ఇన్ని కాపీలని కొని, అమెరికాలోని యూనివర్సిటీ లైబ్రరీలకు పంపేది. తెలుగు పుస్తకాలు అక్కడ అన్ని ఉండటానికి కారణం అదే. 1974లో అచ్చయిన మీ నాన్నగారి పుస్తకం కూడా ఆ దారినే వెళ్ళి ఉండాలి. అంటే ఆ ప్రతిని ఎవరూ ఎత్తుకుపోలేదు, డబ్బిచ్చే కొన్నారు. ఇంకో మాట, ఇక్కడ మనం ఆ పుస్తకాన్ని చెదలకు వదిలేసిన ఈ యాభై ఏళ్ళూ అక్కడ ఎవరో దుమ్ము దులిపి బీరువాలో పెట్టుకున్నారు.

అన్యాయం తర్వాత మొదలైంది. 2004 చివర్లో గూగుల్ వాళ్ళు మిషిగన్, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి యూనివర్సిటీలతో మాట్లాడుకుని ఆ లైబ్రరీల్లోని పుస్తకాలను స్కాన్ చేయడం మొదలుపెట్టారు. మిషిగన్ అయితే కాపీరైటు ఉన్నవీ లేనివీ అన్నీ ఇచ్చేసింది. అన్ని లైబ్రరీలూ కలిపి ఆ లెక్క 2 కోట్ల పుస్తకాలు దాటింది. లైబ్రరీని అడిగారు, రచయితను అడగలేదు. రచయితకు ఇష్టం లేకపోతే తనే వచ్చి చెప్పాలి, అప్పుడు ఆపుతాం అన్నారు. నూజివీడు మామిడి తోటలోకి దిగి కాయలన్నీ కోసుకుంటూ, రైతు వచ్చి వద్దంటే ఆ చెట్టు వరకు వదిలేస్తాం అనడం లాంటిది ఇది. పక్క ఊళ్ళో ఉన్న రైతుకు కోత జరుగుతున్న సంగతే తెలియదు కదా. బ్రాడీపేటలో ఉన్న మీకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అక్కడి రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ 2005లో కేసు వేసింది. 2008లో 12.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. ప్రపంచంలో ఏ మూల అచ్చయిన పుస్తకమైనా దాని కిందికి వచ్చేట్టు రాసుకున్నారు, అది కూడా ఆ పుస్తకాల రచయితలను అడగకుండానే. ఫ్రాన్సు, జర్మనీ ప్రభుత్వాలు అభ్యంతరం చెప్పాయి. దాంతో ఒప్పందాన్ని మార్చి, అమెరికాలో రిజిస్టరైనవి, ఇంకా బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో అచ్చయినవి మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. చూడండి, స్కాన్ చేసేటప్పుడు తెలుగు పుస్తకం పనికొచ్చింది, డబ్బు పంచే వేళకు లెక్కలోంచి తప్పించారు. 2011లో జడ్జి డెనీ చిన్ ఆ రాజీని ఒప్పుకోలేదు. రచయిత నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టే అనుకునే పద్ధతి కుదరదని ఆయన ప్రధాన అభ్యంతరం. అయితే అదే జడ్జి 2013లో అసలు కేసులో గూగుల్ వైపు తీర్పు ఇచ్చాడు. పుస్తకం మొత్తం చూపించడం లేదు, వెతుక్కోవడానికి కొద్ది ముక్కలే చూపిస్తున్నారు, అది అక్కడి చట్టం ఒప్పుకునే వాడకమే అన్నాడు. 2015లో పై కోర్టు అదే మాట అంది, 2016లో సుప్రీంకోర్టు అప్పీలు తీసుకోనంది. కాబట్టి కేసు వేద్దామంటున్న మీ తమ్ముడికి చెప్పండి, మనకంటే వంద రెట్లు బలమున్న వాళ్ళు పదేళ్ళకు పైగా పోరాడి ఓడిపోయిన దారి అది. మీ ఇద్దరి పెన్షన్ డబ్బులు లాయర్లకు పోయకండి.

దొంగతనమా అని అడిగారు. అమెరికా కోర్టు కాదంది. నన్నడిగితే, అడక్కుండా తీసుకోవడాన్ని మన ఇళ్ళలో ఏమంటామో ఆ మాటే దీనికీ సరిపోతుంది. మీకు కనిపించిన మూడు లైన్ల సంగతి కూడా చెప్పాలి. ప్రతి పేజీని ఎనిమిది ముక్కలుగా చూసుకుని, వెతికిన మాట ఉన్న ముక్క మాత్రం చూపిస్తారు. ప్రతి పేజీలో ఒక ముక్కనూ, పదింట ఒక పేజీని మొత్తంగానూ ఎప్పటికీ చూపించకుండా మూసేస్తారు. కాబట్టి ఎన్ని మాటలు మార్చి వెతికినా ఆ నాలుగు పేజీలు మీరు అక్కడ కూర్చుకోలేరు. మనవరాల్ని ఆ పని మీద కూర్చోబెట్టకండి, పాపం.

ఇక ఏఐ సంగతి. మీ భయం ఉత్తది కాదు. ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద అమెరికాలో రచయితలు వేసిన కేసులో 2025 జూన్‌లో జడ్జి రెండు ముక్కలుగా తీర్పు చెప్పాడు. కొన్న పుస్తకాలను స్కాన్ చేసి ఏఐకి నేర్పడం చట్టం ఒప్పుకునేదే అన్నాడు, దొంగ సైట్ల నుంచి లక్షల పుస్తకాలు దించి దాచుకోవడం మాత్రం తప్పన్నాడు. ఆ రెండోదాని మీద సెప్టెంబరులో 150 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దాదాపు 5 లక్షల పుస్తకాలకు, పుస్తకానికి సుమారు 3,000 డాలర్ల లెక్కన. వినడానికి బాగుంది కదా? కానీ అందులోకి రావాలంటే ఆ పుస్తకం అమెరికా కాపీరైట్ ఆఫీసులో గడువులోపల రిజిస్టరై ఉండాలి. బెజవాడలో సొంత డబ్బుతో 500 కాపీలు వేసుకున్న రచయిత ఎవరు వెళ్ళి అమెరికాలో రిజిస్టరు చేయించుకున్నారు? మళ్ళీ అదే కథ. అలాగని పుస్తకం ఏఐకి దొరకకుండా బీరువాలో పెడదామంటే, మీది ఇరవై ఏళ్ళ క్రితమో ఎప్పుడో స్కాన్ అయిపోయింది. ఇప్పుడు తాళం వేస్తే కంపెనీలకు పోయేదేమీ లేదు, మీ మనవరాలికే పోతుంది.

మన దేశంలోనూ ఈ గొడవ కోర్టుకెక్కింది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ మీద ఏఎన్ఐ వార్తా సంస్థ 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది, తర్వాత పుస్తక ప్రచురణకర్తల సంఘం కూడా మా మాట వినండని చేరింది. కేంద్రం వేసిన కమిటీ 2025 డిసెంబరులో ఒక ప్రతిపాదన పెట్టింది. కంపెనీలు అనుమతి అడగక్కర్లేదు, కానీ రాయల్టీ కట్టాలి అని దాని సారాంశం. డబ్బు వస్తుంది కదా అని కొందరు సంతోషిస్తున్నారు. నాకు మాత్రం సంతోషంగా లేదు. వద్దు అనే మాట రచయిత నోట్లోంచి తీసేశాక ఇచ్చే డబ్బు కూలి అవుతుంది గానీ హక్కు ఎలా అవుతుంది?

పెద్ద కంపెనీలనే అంటే సరిపోదు, మనవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మన ప్రభుత్వ సంస్థలు, చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న రాజ్ రెడ్డి గారి చొరవతో, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పెట్టి వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశాయి. దానివల్ల దొరకని పాత పుస్తకాలెన్నో బయటికొచ్చాయి, నేనూ చదువుకున్నాను, ఆ మేలు మర్చిపోను. కానీ అందులో కాపీరైటు ఉన్న పుస్తకాలు కూడా రచయితల్ని అడక్కుండానే చేరాయి. ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో బతికున్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకునేది ఎవరు? సాహిత్యం అంటే ప్రాణం అని చెప్పుకునే మనమే. జనవరిలో విజయవాడ బుక్ ఫెస్టివల్లో రచయిత స్వయంగా స్టాల్ పెట్టుకుని కూర్చుంటే, పీడీఎఫ్ ఉందా సార్ అని అడిగి పోయేవాళ్ళను నా కళ్ళతో చూశాను. ఆ మాట అడిగినప్పుడు రచయిత మొహం చూడలేం.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న హక్కు గురించి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మీ నాన్నగారు 1996లో పోయారు కాబట్టి 2056 డిసెంబరు 31 దాకా ఆ కథలు మీవి, అంటే మీవీ, మీ తమ్ముడివీ కలిపి. వీలునామా ఏమీ రాయకపోతే ఇద్దరూ సమాన హక్కుదారులే. ఒకరు సంతకం పెట్టి ఇంకొకరు పెట్టకపోతే రేపు తగువు. రిజిస్టరు చేయించకపోయినా హక్కు ఉంటుంది. సాక్ష్యంగా ఉండాలనుకుంటే కాపీరైట్ ఆఫీసులో 500 రూపాయల ఫీజుతో చేయించుకోవచ్చు, మీ పరిస్థితిలో అది మంచిదే.

ఆ యాప్ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి, నేను చూడకుండానే ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నలభై ఏళ్ళ క్రితం నేను పిల్లల కథలు కొన్ని రాసి ఒక ప్రచురణ సంస్థకు ఇచ్చాను. ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టమన్నారు, ఏముందో చూడకుండా పెట్టాను, 300 రూపాయలిచ్చారు. కొన్నాళ్ళకు అవే కథలు వేరే అట్టతో, నా పేరు లేకుండా బస్టాండు దుకాణంలో వేలాడుతున్నాయి. వెళ్ళి అడిగితే ఆ కాగితం తీసి చూపించారు. సర్వహక్కులు, శాశ్వతంగా, అని ఉంది. అప్పుడు నాకు చట్టం తెలియదు. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు రచయితను వదిలిపోదు, 57వ సెక్షన్ అదే చెప్తుంది. అది తెలిసుంటే ఆ రోజు దుకాణం ముందు తల దించుకుని వచ్చేవాణ్ణి కాదు.

కాబట్టి మీరు అగ్రిమెంటును తెలుగులో అడగండి. ఇవ్వకపోతే తెలిసిన లాయరు చేత చదివించుకుని ఒక్కో వాక్యానికి అర్థం అడగండి. ఈ-బుక్ వేరు, ఆడియో వేరు, సినిమా వేరు, అనువాదం వేరు, దేనికి ఇస్తున్నారో దాని పేరు మాత్రమే ఉండాలి. ఎన్నేళ్ళో రాయాలి. రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళుగా లెక్కేస్తుంది, ఏ దేశమో రాయకపోతే ఇండియా వరకే. అందుకే వాళ్ళు ప్రపంచమంతటా, శాశ్వతంగా అని తప్పకుండా రాస్తారు, మీరు ఆ రెండు మాటలూ కొట్టేయించండి. హక్కు రాయించుకుని ఏడాది పాటు ఏమీ చేయకపోతే, వేరేగా రాసుకోనంత వరకు, అది మీకు తిరిగొస్తుంది. 2012 సవరణ ఇంకో మేలు చేసింది. ఒప్పందం నాటికి వాడకంలో లేని కొత్త పద్ధతులకు, వాటి పేరు పెట్టి రాసుంటే తప్ప, ఆ ఒప్పందం వర్తించదు. దీన్ని తప్పించుకోవడానికే ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలకూ అని ఒక ముక్క చేరుస్తున్నారు, దానికి కూడా ఒప్పుకోకండి. ఏఐకి నేర్పడానికి వాడకూడదు అని ఒక వాక్యం మీరే చేర్పించండి. వాళ్ళు పాటిస్తారా అంటే హామీ ఇవ్వలేను, కానీ రాతలో లేని మాట కోర్టులో నిలవడం చాలా కష్టం. రాయల్టీ ఎంత శాతమో, ఎన్ని నెలలకొకసారి లెక్క చూపిస్తారో కూడా రాయించండి. 5,000 ఇచ్చి మొత్తం తీసుకుంటామంటే నమస్కారం పెట్టి పంపేయండి.

దీనికన్నా ముందు మీరు చేసుకోవాల్సిన పని ఒకటుంది. పుస్తకాన్ని మీరే డిజిటైజ్ చేయించుకోండి. అట్ట విరగ్గొట్టకుండా, పేజీ మీద వెలుతురు సమానంగా పడేట్టు పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసినా పని జరుగుతుంది, స్కానర్ అయితే ఇంకా నయం. ఫైలు మీ దగ్గర ఒకటి, తమ్ముడి దగ్గర ఒకటి, దూరపు ఊళ్ళో ఉన్న మనవడి దగ్గరో మనవరాలి దగ్గరో ఒకటి ఉంచండి. తర్వాత డీటీపీ తెలిసిన వాళ్ళ చేత యూనికోడ్‌లో టైపు చేయించి, ప్రూఫులు మాత్రం మీరే దిద్దండి. మీ నాన్నగారి మాట తీరు, ఆ గుంటూరు యాస, మీకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. కొత్తగా వంద కాపీలు వేయించి గ్రంథాలయాలకు ఇవ్వండి, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయానికి ఒకటి, వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకటి. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్ళంతా బెజవాడలో చేరి సభ పెట్టుకుంది ఇలాంటి పుస్తకాలు ఊరూరా అందరికీ దొరకాలనే. తాళం వేసిన బీరువా వాళ్ళు కోరుకున్నది కాదు.

ఇంక ఆ నాలుగు పేజీలు. గూగుల్ స్కాన్ చేసిన లైబ్రరీల్లో చాలా వరకు కలిసి 2008లో హాతీట్రస్ట్ అని ఒక ఉమ్మడి డిజిటల్ గ్రంథాలయం పెట్టుకున్నాయి. కంపెనీ కాదు, లైబ్రరీలది. అక్కడ కూడా మీ పుస్తకం లోపలికి ఇప్పుడు వెళ్ళలేరు, కానీ హక్కుదారులు రాతపూర్వకంగా అనుమతిస్తే పుస్తకాన్ని అందరికీ తెరిచే పద్ధతి అక్కడ ఉంది. మీరూ మీ తమ్ముడూ ఆలోచించుకుని, ఇద్దరూ సరే అనుకుంటేనే అడగండి. మీరు తెరవమంటే తెరుస్తారు, అంటే ఇక్కడ మొదటిసారి మాట మీది అవుతుంది.

అంతకన్నా దగ్గరి దారి కూడా ఉంది. మనవరాలికి కనిపించిన ఆ యూనివర్సిటీ పేరు మళ్ళీ చూడమనండి. 1974 నాటి అసలు ప్రతి, కాగితం ప్రతి, ఆ లైబ్రరీ బీరువాలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. బ్రాడీపేటలో అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు లేని వీధి ఉందా? ఆ యూనివర్సిటీలో ఉన్నవాళ్ళు ఎవరైనా తెలిస్తే, మీ ఇద్దరి సంతకాలతో ఒక అనుమతి కాగితం పంపి, ఆ పేజీల నంబర్లు చెప్పి ఫొటోలు తీసి పంపమనండి. పోయిన నాలుగే కాకుండా వాటి ముందు పేజీ, వెనక పేజీ కూడా తీయమనండి, కథ అతుక్కోవాలి కదా. అలాగే ప్రెస్సు పేరు అచ్చువేసిన పేజీ కూడా. 1974లో నేను గాంధీనగర్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి, సొంత ఖర్చుతో పుస్తకం వేయించుకోవడానికి గుంటూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పంతుళ్ళు కొందరు గుర్తున్నారు. అది ఏ ప్రెస్సో నాకు కూడా రాయండి.